కంబం కాడి కనకయ్య

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు పోయే పెద్ద రోడ్డు దిగి, హాస్టళ్ల గల్లీలోకి తిరిగే మలుపులో ఒక గుడి ఉంది. ఉద్యోగాల మైసమ్మ అంటారు. కంప్యూటర్ కోర్సులకు వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూకు పోయే ముందు బయోడేటాకు పసుపు రాసి అమ్మ ముందు పెట్టి తీసుకుపోతారు. చీర కట్టి, వెండి కళ్లు పెట్టి, నిమ్మకాయల దండ వేసిన ఆ అమ్మ నిజానికి ఒక రాతి కంబం. దాన్ని అమ్మను చేసింది కనకయ్య. ఆ పుణ్యాన బాగుపడ్డవాళ్లు గల్లీ నిండా ఉన్నారు. కనకయ్య మాత్రం వాళ్లలో లేడు.

కనకయ్యది ఇస్త్రీ బండి. ఆ మలుపులో చాకలి గుడిసెలు ఉన్న కాలం నుంచి బండి కంబం నీడలోనే ఉండేది. గుడిసెలు పోయి డాబాలు లేచినప్పుడు కుటుంబం బోరబండకు మారింది గాని బండి కదల్లేదు. తొంభైల చివరికొచ్చేసరికి అక్కడ ఖాళీ గోడన్నది కంటికి ఆనకుండా పోయింది. ఎటు చూసినా జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్ పోస్టర్లే. ఏలూరు బస్సు, ఖమ్మం బస్సు దిగిన పిల్లలు ఒక్కో గదిలో అరడజను మంది సర్దుకుని, గది మొత్తానికి ఉన్న ఒక్క మంచి చొక్కాను కనకయ్య దగ్గరికి తెచ్చేవారు. ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే ఆ రోజుకు ఆ చొక్కా వాళ్లది. 'రేపు పొద్దుగాల ఇస్త' అనడం, సాయంత్రానికి ఇవ్వడం, అంతకు మించిన అబద్ధం కనకయ్య నోట ఎవరూ వినలేదు.

ఇక కంబం సంగతి. రెండు నిలువుల నల్లరాయి. ఆ చోటంతా ఒక నవాబు తోటగా ఉన్నప్పుడు పట్నంలో ప్లేగు వచ్చింది. జనం ఇళ్లు వదిలి వచ్చి ఆ తోటలో గుడారాలు వేసుకున్నారు. జబ్బుపడ్డవాళ్ల బట్టలు ఉతకాలి, నీళ్లు మోయాలి, ఊడ్చి శుభ్రం చేయాలి. ఆ పనులకు చాకళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, ఊడ్చేవాళ్లు కొందరు మిగిలారు, తక్కినవాళ్లు దూరం జరిగారు. మిగిలినవాళ్లు అదే జబ్బుతో ఒకరి వెనక ఒకరు పోయారు. నవాబు మనసు కరిగి వాళ్ల గుర్తుగా కంబం నిలబెట్టి, సేవ చేస్తూ పోయినవాళ్ల కోసం అని అడుగున ఉర్దూలో రెండు వరుసలు చెక్కించాడు. పేర్లు చెక్కించలేదు. కంబం నిలబెట్టేంత మనసున్న మనిషికి చాకలి పేరేమిటని అడిగే తీరిక లేకపోయింది. రోడ్డు ఎత్తు పెరిగి ఆ రెండు వరుసలూ ఎప్పుడో మట్టిలోకి పోయాయి.

పేర్లు కనకయ్య ఇంట్లో మిగిలాయి. పోయినవాళ్లలో మొదటివాడు ఆయన తాత సారయ్య. ఊరందరి బట్టలు ఉతికినవాడికి పోయేనాడు కప్పడానికి కొత్త బట్ట దొరకలేదు. ఆ గత్తరలో శవాలను ఉన్నవి ఉన్నట్టే కాల్చేశారు. ఆ బాధ సారయ్య కొడుకు మనసులో ఉండిపోయింది. అందుకని ఏటా పెత్రమాస నాడు, అందరూ పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య పొద్దున, కంబాన్ని కడిగి దాని చుట్టూ కొత్త తెల్లబట్ట చుట్టేవాడు. ఒక్కో చుట్టుకు ఒక్కో పేరు. సారయ్యా, తీసుకో. బుచ్చమ్మా, తీసుకో. భిస్తీ హుస్సేన్ సాబ్, తీసుకో. సీతాబాయీ, తీసుకో. ఇంకా ఉన్నాయి. పేర్లయ్యాక విస్తరి వేసి అన్నం, కూర, కాస్త కల్లు పెట్టేవాడు.

కనకయ్య చిన్నప్పుడు తండ్రి వెనకాల బట్ట కొస పట్టుకుని తిరుగుతూ ఆ పేర్లు నేర్చుకున్నాడు. తండ్రి పోయాక తనే చుట్టాడు. ఊరికే నిలబడి చెప్పమంటే మధ్యలో తడబడి, 'కాళ్లకు ఎరుక, నాకు ఎరుక లేదు' అని నవ్వేసేవాడు. కొడుకు దినేశ్‌కు నేర్పాలని ప్రతి ఏడూ అనుకునేవాడు. దినేశ్‌కు ప్రతి ఏడూ ఏదో ఒక పరీక్ష అడ్డం వచ్చేది. చదువుకునే పిల్లవాణ్ని ఎందుకు కదిలించడం, వచ్చే ఏడు చూద్దాంలే అని కనకయ్యే సర్దుకునేవాడు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాయి. కొలతల మనిషి వచ్చి ప్రహరీగోడల మీద ఎర్ర గీతలు గీస్తూ కంబం మీద కూడా ఒక గీత గీశాడు. కనకయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పరుగున పోయాడు.

"సార్, గిది మా తాతల గుర్తు. తీయకుండ్రి."

"ఏమన్నా రాసి ఉందా దీని మీద?"

"ఉన్నది సార్, కింద మట్టిల."

"తవ్వి చూసే టైం ఎవరికుందయ్యా" అని ఆ మనిషి టేపు మడుచుకుని ముందుకు పోయాడు.

ఒక గడ్డపార, ఒక పూట పని. అప్పుడు తవ్వి చూపించి ఉంటే కథ ఎలా నడిచేదో చెప్పలేం. కనకయ్యకు ఆ ఆలోచన రాలేదు. అక్షరాల మీద ఆయనకు ఎన్నడూ నమ్మకం లేదు. ఆయన ఇంటి సంగతులేవీ అక్షరాల్లో లేవు కదా.

ఎదురు మేడ మీద కృష్ణమోహన్ కంప్యూటర్ కోచింగ్ నడిపేవాడు. తెనాలి మనిషి. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ సాయంత్రం చొక్కాలు తీసుకోవడానికి వచ్చాడు.

"ఏంటి కనకయ్యా, దిగాలుగా ఉన్నావ్?"

"కంబం తీసేస్తరంట సార్."

"రోడ్డుకి అడ్డం కదా మరి. అదే గుడైతే పక్కకి తిప్పుకుని పోయేవాళ్లు. ఓ బొట్టు పెట్టి చూడరాదూ" అని నవ్వి మెట్లెక్కి పోయాడు. ఆయన నవ్వులాటకే అన్నాడు, మేడ ఎక్కేసరికి మరిచిపోయి కూడా ఉంటాడు.

కనకయ్య మరిచిపోలేదు. తెల్లవారుజామున పసుపు, కుంకుమ, వేపమండలు తెచ్చాడు. తాతల కంబానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టాడు. పాలపాకెట్లకు వచ్చినవాళ్లు ఆగి చూశారు. "రాత్రి నా కలలకు మైసమ్మ వచ్చింది. గీడ నేనున్న, నన్ను కదిలిస్తే ఊకోను అన్నది" అని చెప్పాడు. మొదటి మనిషికి తడబడుతూ చెప్పాడు. మధ్యాహ్నానికి గడగడా చెప్పగలిగాడు. సాయంత్రానికి ఆయన చెప్పే అవసరమే లేకపోయింది. అమ్మ ఎర్రచీర కట్టుకొని వచ్చిందని, చేతిలో శూలం ఉందని వేరేవాళ్లు ఆయనకే చెప్పసాగారు.

రోడ్డు వాళ్లు వచ్చారు, చూశారు, ఒక కొబ్బరికాయ కొట్టి పోయారు. రోడ్డు కంబం దగ్గర కాస్త నడుం వంచి పక్కకు జరిగింది. ఆ రాత్రి ఇంటికి పోయి కనకయ్య కడుపునిండా తిన్నాడు. తాతలను కాపాడుకున్నానని భార్య వజ్రమ్మతో రెండు మూడు సార్లు అన్నాడు.

ఆ ఏడు పెత్రమాసకు చీకటి విడవకముందే వచ్చి, ఎవరన్నా చూస్తారేమోనన్న భయంతో గబగబా బట్ట చుట్టి, పెదాలు మాత్రం కదిలించి, వెంటనే విప్పేశాడు. విస్తరి వేయలేదు. ఈ ఒక్క ఏడుకే కదా అనుకున్నాడు.

ఇంతలో కంబానికి మొక్కిన పిల్లవాడెవడికో ఉద్యోగం వచ్చింది. తర్వాత మరొకడికి. హైమవతి గారని లేడీస్ హాస్టల్ నడిపే ఆవిడ ముందు రేకుల పందిరి వేయించింది. భూముల బేరాలు చేసే చక్రపాణి కమిటీ పెట్టి గుడి లేపాడు. చుట్టూ గ్రానైట్ పలకలు పరిపించి, కటకటాల తలుపు పెట్టించి తాళం వేయించాడు. మట్టిలో ఉన్న ఆ రెండు వరుసల మీద ఇప్పుడు సిమెంటు పడింది. కృష్ణమోహన్ కూడా తన కరపత్రాల మీద 'మైసమ్మ గుడి ఎదురుగా' అని వేసుకున్నాడు. బొగ్గు పొగకు గోడలు నల్లబడుతున్నాయని కమిటీ వాళ్లు మర్యాదగానే చెప్పి ఇస్త్రీ బండిని బస్టాప్ దగ్గరికి జరిపించారు. కనకయ్య అది కూడా ఓర్చుకున్నాడు. పెత్రమాస నాడు తాళం తీస్తే చాలనుకున్నాడు.

మరుసటి పెత్రమాస పొద్దున తెల్లబట్ట, విస్తరి పట్టుకుని గుడి మెట్ల దగ్గర నిలబడ్డాడు. చక్రపాణి భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"కనకన్నా, అమ్మకు తెల్లబట్టేందన్నా? పొద్దుమూకితే ఆడోళ్లు బతుకమ్మలు తెస్తరు. సచ్చినోళ్ల విస్తరి గీడ పెడితే మంచిగుంటదా, నువ్వే చెప్పు."

"గిది సచ్చినోళ్ల కంబమే చక్రపాణీ. అమ్మ నా కలకు రాలే. కంబం పోతదని నేనే గట్ల చెప్పిన."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆగిపోయారు. ఒక ముసలామె లెంపలు వేసుకుంది. చక్రపాణి కోప్పడలేదు. కోప్పడి ఉంటే కనకయ్యకు నయంగా ఉండేది.

"కల అబద్ధమైతే గీ పిల్లలకు నౌకర్లు ఎట్ల వచ్చినయన్నా? మొన్న హైమవతమ్మ హాస్టల్ల ముగ్గురికి వచ్చినయి. నీకేమన్న మనసు మంచిగ లేకుంటే జరసేపు కూసో, ప్రసాదం తిని పో."

ఆ రోజుల్లో ఉద్యోగాలు రానిదెవరికి? బస్టాప్ గుంజకు మొక్కినా వచ్చేవే. కానీ ఆ మాట ఉద్యోగం వచ్చినవాడికి చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు. తన నోటితో పుట్టిన మాట తన నోటికి లొంగకుండా పోయిందని ఆయనకు అక్కడే, ఆ మెట్ల మీదే అర్థమైంది. విస్తరి పట్టుకుని బోరబండ బస్సెక్కాడు.

ఇంట్లో వజ్రమ్మ అంతా విని, ఆయన చేతిలోంచి విస్తరి అందుకుంది.

"తాతల కంబమని నాకు ఎరుకనే. గని అబద్ధం నువ్వాడినవు, అమ్మ ఆడలే గద. దినేశ్‌కు నౌకరి వస్తే ఒడిబియ్యం పోస్తనని మొక్కిన నేను."

"నువ్వు సుతనా" అన్నాడు కనకయ్య. ఆమె మీద కోపం రాలేదు. ఒంటరితనం మాత్రం తెలిసివచ్చింది. ఆ చలికాలమే దినేశ్‌కు మాదాపూర్‌లో కాల్ సెంటర్ ఉద్యోగం వచ్చింది. వజ్రమ్మ కొత్త చీర కట్టుకుని పోయి ఒడిబియ్యం పోసి వచ్చింది.

కనకయ్యలో ఒక మొండితనం మొదలైంది. పెడితే కంబం కాడనే పెడతాను, ఇంట్లో పెట్టను అన్నాడు. ఇంట్లో పెడితే కంబం తమది కాదని ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క. ఆ పై ఏడు పెత్రమాసకు మళ్లీ పోయి తాళం చూసి వచ్చాడు. మరుసటి ఏడు మోకాళ్ల నొప్పులతో పోనే లేదు, తాతలకు ఎక్కడా పెట్టలేదు. ఇంటి పెద్దలు అలా ఏళ్ల తరబడి ఆకలితో ఉంటే ఎలా అని వజ్రమ్మ ఏడ్చింది. దినేశ్ ఆ మాట పట్టుకుని, తర్వాతి పెత్రమాస దగ్గరికొచ్చాక తండ్రిని అడిగాడు.

"నాయినా, ఈ ఏడు సెలవు పెట్టిన. ఇంటి మీదనే చేద్దాం. నాకు నేర్పు."

పది మందిలో తల దించని కనకయ్య ఆ మాటకు తల దించి సరేనన్నాడు. ఎన్నేళ్ల నుంచో వినాలనుకున్న మాట అది. కంబం కాడ కాక ఇంటి మీద చేద్దామంటూ రావడమే బాగాలేదు.

బోరబండలో అందరి ఇళ్లలాగే వాళ్ల డాబా మీద కూడా, ఎప్పటికో కట్టబోయే పై అంతస్తు కోసం ఒక పిల్లర్ ముక్కను ఇనుప చువ్వలతో వదిలేశారు. పెత్రమాస పొద్దున దినేశ్ దాన్ని కడిగాడు. వజ్రమ్మ విస్తరి వేసి అన్నం, కూర వడ్డించింది. కనకయ్య బట్ట విప్పి ఒక కొస కొడుకు చేతికిచ్చాడు.

"సారయ్యా, తీసుకో" అన్నాడు. ఒక చుట్టు అయింది.

"బుచ్చమ్మా, తీసుకో. భిస్తీ హుస్సేన్ సాబ్, తీసుకో. సీతాబాయీ, తీసుకో."

పిల్లర్ సన్నం. కంబమైతే చుట్టూ నడవాలి. ఆ నడకలో తర్వాతి పేరు నోటికి వచ్చేది. ఇక్కడ నడవడానికేమీ లేదు, చేయి తిప్పితే చుట్టు అయిపోతోంది. కనకయ్య ఆగాడు. వెనక్కి తిప్పి మళ్లీ సారయ్య నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ సీతాబాయి దగ్గరే ఆగాడు. చేతిలో బట్ట ఇంకా చాలా మిగిలి ఉంది.

"తర్వాత ఎవరు నాయినా?"

"జర ఆగు, వస్తది."

దినేశ్ ఆగాడు. కనకయ్య కళ్లు మూసుకుని, మోకాళ్లు నొప్పెడుతున్నా, డాబా మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగాడు. ఒక పేరు నాలుక దాకా వచ్చినట్టే వచ్చి పోయింది. అది ఆడమనిషి పేరని మాత్రం తెలిసింది. పిట్టగోడ మీద కాకులు వాలి విస్తరి వైపు చూస్తున్నాయి. అన్నం చల్లబడిపోయింది.

"ఇంకెంతసేపయ్యా. మిగిలినోళ్లందరు అని మొక్కు, చాలు" అంది వజ్రమ్మ.

కనకయ్య పిల్లర్ దగ్గరికి వచ్చి మిగిలిన బట్టంతా ఒక్కసారే చుట్టేశాడు.

"మిగిలినోళ్లందరు, తీసుకోండ్రి" అన్నాడు.

దినేశ్ ఆ మాటనే వెనకాల మళ్లీ పలికి నేర్చుకున్నాడు.