తెల్లాపూర్ కెఫేలో డోలక్ చప్పుడు

ఫ్యాక్టరీలో నాకు జనరల్ షిఫ్ట్ ఇచ్చిన వారమే మా వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తెల్లాపూర్‌లో ఒక కెఫేలో శనివారం సాయంత్రం పాడుతున్నారట, రమ్మన్నారు. దేవుడు కొన్నిసార్లు భలే కలుపుతాడు అనుకున్నాను. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో నాది ప్యాకింగ్ పని. పెళ్లికి ముందు నుంచీ మూడు షిఫ్టుల్లో తిరిగిన మనిషిని. ఇక పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. శనివారం ప్రాక్టీసుకు వెళ్లొచ్చు, మళ్లీ డోలక్ ముందు కూర్చోవచ్చు. ఈ కబురు ఫోన్‌లో చెప్పలేదు, ఎదురుగా చెప్పాలని దాచుకున్నాను. చెప్పగానే వాళ్ల నోటి నుంచి ఒక్క మాట రావాలి: "ఇంకేంది మరి, వచ్చి వాయించు." అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మా వాళ్లంటే ముగ్గురు. నాతో కలిపి నలుగురం ఒకే చర్చిలో యూత్ కూటాల్లో పెరిగాం. పాడేవాడు పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారు. కీబోర్డు వాడిది మొబైల్ దుకాణం. గిటారు వాడు సాఫ్ట్‌వేర్‌లో చేరి, తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తులో తెల్లాపూర్‌లోనే ఫ్లాటు కొన్నాడు. నేను డోలక్. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగే పాటలకూ, పెళ్లిళ్లకూ, పోయినవాళ్ల జ్ఞాపక కూటాలకూ నలుగురమే వెళ్లేవాళ్లం. షిఫ్టుల మూలంగా నేను ఒక వారం వెళ్లి రెండు వారాలు మానేసేవాణ్ణి. పోను పోను ఆదివారం ఆరాధనకు కూడా నిద్ర కళ్లతో వెళ్లి వెనక బల్ల మీద కూర్చోవడం అలవాటైంది. వాళ్లు మాత్రం ఆపలేదు. ఎందుకు ఆపుతారు? నా కోసం చేతులు కట్టుకుని కూర్చుంటారా? ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఎంత చెప్పుకున్నా కడుపులో మంట తగ్గేది కాదు.

ఆ వారమంతా ఇంటికి రాగానే డోలక్ ముందేసుకుని కూర్చున్నాను. నట్లు బిగించాను, దుమ్ము దులిపాను, ఎడమ చేతికి పట్టు దొరికేదాకా వాయించాను. శనివారం దాన్ని కవర్లో పెడుతుంటే నా భార్య గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏంది, పిలిచిండ్రా వాయించమని?"

"వినడానికే రమ్మన్నరు."

"మరి ఇదెందుకు? పిలవకముందే సంకలో వెట్టుకపోతే నవ్వరా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది! నాకే చిర్రెత్తింది. డోలక్ మంచం మీద పడేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిష్టారెడ్డిపేట నుంచి బండి మీద ఒక్కణ్ణే బయల్దేరాను.

ఆ కెఫేలో పసుపుపచ్చ బల్బులు, కుండీల్లో మొక్కలు, మనిషికో ల్యాప్‌టాప్. లోపలికి అడుగుపెట్టగానే "ఎంతమంది సార్?" అన్నాడు వెయిటరు. "ఒక్కణ్ణే" అన్నాను. చేతులు కడుక్కునే చోటు పక్కన, స్తంభం వెనక ఒక చిన్న బల్ల చూపించాడు. అక్కణ్ణుంచి మెడ పక్కకు వంచితే మా వాళ్లు కనిపిస్తారు. వైర్లు కలుపుకుంటూ ముగ్గురూ చెయ్యి ఊపారు. పాడేవాడు గబగబా వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"వచ్చినవా! కూసో, కూసో. ఇయ్యాల నీకో సర్‌ప్రైజ్ ఉన్నదిరా."

"ఏంది?"

"జెర ఆగు, నీకే తెలుస్తది."

ఇంకేం సర్‌ప్రైజ్, నన్ను పిలవబోతున్నారు! కీబోర్డు పక్కన ఒక మనిషి కూర్చునేంత జాగా ఖాళీగా కనిపించింది. ఎవరిదో డోలక్ తెప్పించి ఉంటారు, వెనక దాచారు అనుకున్నాను. కాఫీ పక్కకు జరిపి, చేతులు రుమాలుతో తుడుచుకున్నాను. వేళ్లు విరుచుకున్నాను. నా మొహం! పెళ్లికొడుకులా ఎదురుచూశాను.

పాట మొదలైంది. పాత సినిమా పాట. గిటారు ఒక చుట్టు తిరిగాక డోలక్ అందుకుంది. మెడ వంచి చూశాను. ఆ జాగా ఖాళీగానే ఉంది. కీబోర్డు వాడు పక్కనున్న పెట్టె మీద ఒక బటన్ నొక్కి వదిలాడు, అంతే. ఓహో, డోలక్‌కు మిషన్ పెట్టుకున్నారన్నమాట. అందరూ అదే వాడుతున్నారు, వింతేమీ కాదు. కాస్త ఉసూరుమంది గానీ, సరే అనుకుని వింటున్నాను.

రెండో చరణంలో ఒళ్లు జలదరించింది. ఎడమ చేతి దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడుతోంది. ఫ్యాక్టరీలో డ్రమ్ము మూత కింద నలిగిన దగ్గర్నుంచి నా ఎడమ బొటనవేలు సరిగా వంగదు. దెబ్బ అలాగే పడుతుంది. దాని వెనకాలే సన్నగా 'కిర్రు'మని ఇంకో చప్పుడు. మా చర్చి హాల్లో ఇనుప మడత కుర్చీ అది! నేను ఎడమకు ఒరిగినప్పుడల్లా అరుస్తుంది. పోయిన క్రిస్మస్ ప్రాక్టీసుకు ఒక్క రోజు వెళ్లగలిగాను. ఆ రోజు కీబోర్డు వాడు పాటల పుస్తకాల మీద ఫోన్ నిలబెట్టి, "ఊకెనే వాయించురా, జెర సౌండ్ చూస్కుంట" అన్నాడు. ఊరికే వాయించాను. అదే ఇప్పుడు ఆ పెట్టెలోంచి వస్తోంది.

అబద్ధం ఎందుకు, ముందు పొంగిపోయాను. తెల్లాపూర్ జనం కాఫీ తాగుతూ నా దెబ్బకు కాళ్లాడిస్తున్నారు. తర్వాత పాడేవాడి వైపు చూశాను. ప్రతి చరణం చివర వాడు రాగం లాగి నా వైపు తిరిగేవాడు. వాడి తల ఊగేదాకా నేను చేయి ఆపి ఉంచేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా అదే పద్ధతి. ఇప్పుడు వాడు ఎటూ తిరగడం లేదు. పెట్టె ఆగదు కదా, దాని లెక్కకు సరిపోయేలా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాడు. లెక్కల సారు మరి. అది చూశాక కాఫీ అలాగే వదిలేశాను.

పాట అయిపోగానే నా నోట "స్తోత్రం" అని వచ్చేసింది. చర్చిలో పాట చివర చప్పట్లు కొట్టం, స్తోత్రం అంటాం. మైకు దగ్గర వాళ్లు ముగ్గురు కూడా అలవాటు కొద్దీ తల వంచి ఒక్క క్షణం నిలబడ్డారు. జనం చప్పట్లు కొడితే ఉలిక్కిపడి తలెత్తారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోడానికి పక్కన ఎవరూ లేరు.

పక్క బల్ల దగ్గరి అమ్మాయి ఫోన్ చాచింది. "అంకుల్, వెనకాల బ్యాండ్ వచ్చేలా మాకొక ఫోటో తీస్తారా?" తీశాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేకపోయాను. "ఆ డోలక్ నేనే వాయించిన" అన్నాను. ఆమె మైకు దగ్గరికి చూసి, నా వైపు చూసి, "ఓ, నైస్ అంకుల్" అని ఫోటోలో తన జుట్టు ఎలా వచ్చిందో చూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

విరామంలో పాడేవాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు, మొహమంతా నవ్వే.

"గుర్తువట్టినవా?"

"గుర్తువట్టనా మరి! కుర్చీ గూడ ఒర్రుతున్నది."

"కావాలనే ఉంచినం రా. కీబోర్డోడు తీసేస్తనంటే నేనే వద్దన్న. నువ్వు లేకుంటే బ్యాండ్ ఏందిరా? పాపం నువ్వేమో డ్యూటీల పరేషాన్ ఉంటవ్. గిట్లనన్న మాతోని ఉన్నట్టే గద!"

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనసులో మాటే అన్నాడు, వేషం కాదు. అందుకే కోపం తెచ్చుకోలేకపోయాను. వాడు నాకు పెద్ద బహుమానం ఇచ్చానని అనుకుంటున్నాడు. నేను వస్తానని వాళ్లు ఎదురుచూడటం ఎప్పుడో మానేశారు. నన్ను వదలకూడదనుకుని, నేను లేకుండా గడిచే దారి వెతుక్కున్నారు. తప్పు ఎవరిదని చెప్పను?

అయినా ఆశ చావలేదు. దాచుకున్న కబురు ఇంకా నా దగ్గరే ఉంది. అది వింటే వాడే అంటాడు, అనక ఏం చేస్తాడు? అనుకున్నాను.

"అరేయ్, నాకు జనరల్ షిఫ్ట్ ఇచ్చిండ్రు. ఇగ నైట్లు గియిట్లు ఏం లెవ్వు. రోజూ సాయంత్రం ఖాళీనే. శనివారం గూడ."

"నిజమా!" వాడు కుర్చీ లాక్కుని నన్ను గట్టిగా కౌగలించుకున్నాడు. వాడి చొక్కా చెమటతో తడిసి ఉంది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఎంత మంచి మాట చెప్పినవ్ రా! ఇగ ప్రతి వారం జల్దీ వచ్చి, ఈ స్తంభం ఎనక గాదు, ముంగటనే కూసొని వినొచ్చు."

నాకు ఏడుపొచ్చింది. "వస్తతియ్" అన్నాను.