గడ్డి కింద మందు

పొదిలి అవతల మా ఊళ్ళో నీళ్ళకి ఎప్పుడూ కటకటే. అందుకని అమ్మ చలికాలంలో పెరట్లోని చిలగడదుంపల మడి మీద వరిగడ్డి మందంగా పరిచేది. ఒకసారి తడిపితే చాన్నాళ్ళు చెమ్మ ఆరేది కాదు. గడ్డి కింది వెచ్చదనం ఎలుకలకీ నచ్చింది. తొంభైల చివర్లో ఒక యేడు అవి గడ్డి కిందే బొరియలు తవ్వి, పిల్లల్ని పెట్టి, ఊరిన దుంపల్ని ఊరినట్టే కొరికి పారేశాయి.

"ఆ గడ్డి తీసిపారేద్దామే," అన్నాడు నాన్న.

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? తీస్తే మడి ఎండిపోదూ," అంది అమ్మ.

నాన్న మందు పెడదామనుకున్నాడు. ఎలుకలకు మందు పెడుతున్నామని పైకి అనకూడదని మా వైపు ఒక నమ్మకం. వింటే అవి ముట్టవట. పత్తికి ఏ మందు కొట్టాలో దుకాణంవాడితో గంటసేపు పోట్లాడే మనిషి, ఎలుకకు మన మాటలు అర్థమవుతాయంటే మాత్రం కిమ్మనకుండా నమ్మేశాడు. సాయంత్రం నూకల్లో బెల్లమూ మందూ కలిపి ఉండలు చేసి, ఎవరూ చూడకుండా గడ్డి కింద అక్కడక్కడా దూర్చాడు. తెల్లారగానే మిరపకోతకి వెళ్ళిపోయాడు. అమ్మకి ముక్క కూడా చెప్పలేదు.

ఆ పొద్దున్నే గేదెదూడ పలుపు తెంచుకుని మడిలోకి వెళ్ళింది. దాని తల్లి అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గేదె. ముందు రెండు ఈతలూ దున్నలే. ఈసారి ఆడదూడ పుట్టిందని అమ్మ దాని మెడకి గవ్వల పేట కట్టి, చంటిపిల్లని చూసినట్టు చూసుకునేది. దూడ మూతితో గడ్డి కెలికి, దేన్నో ఇష్టంగా నాకుతోంది. తోలబోతే అమ్మే నన్ను ఆపింది.

"తిననియ్యవే, గడ్డేగా. దాని ముద్దు చూడు."

మధ్యాహ్నానికి దూడ నోట నురగ వచ్చింది. కబురందుకుని నాన్న పరుగెత్తుకొచ్చేసరికి కాళ్ళు కొట్టుకోవడం కూడా ఆగిపోయింది. చెదిరిన గడ్డిని చూసి ఆయన అక్కడే కూలబడ్డాడు.

"చెప్తే అవి వింటాయనుకున్నానే," అన్నాడు.

అమ్మ నోరారా తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

దూడ లేకపోతే గేదె చేపదు, పాలు దిగవు. అందుకని మర్నాడు ఊళ్ళో ఒకాయన దూడ తోలు ఒలిచి, కడిగి, లోపల గడ్డి కూరి కుట్టి, నాలుగు కర్రల మీద నిలబెట్టి ఇచ్చాడు. పొదుగు సలపరంతో గేదె అప్పటికే అరుస్తోంది. నాన్న ఆ బొమ్మని తెచ్చి దాని ముందు పెట్టాడు. గేదె వాసన చూసింది. నుదురు నాకింది, చెవులు నాకింది, కళ్ళుండాల్సిన చోట నాకింది. చేపింది.

అమ్మ తపేలా పట్టుకుని రెండు ధారలు తీసి ఆగిపోయింది.

"పిచ్చిముండ, నమ్మేసిందే," అంటూ గేదె డొక్కకి తల ఆనించి ఏడ్చింది.

గేదె దూడని నాకుతూనే ఉంది.