ఎంటర్ నొక్కే ముందు

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే ఆమె, ఎంటర్ నొక్కే ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునేది. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా కంప్యూటర్‌లో ఒకేలాంటి డిస్కులు రెండు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదాన్ని చెరిపేయాలి. రెండోదాంట్లో చనిపోయిన మా అక్క గొంతు రికార్డు ఉంది.

ఆమె డిస్కు చెరిపే స్క్రిప్టు నడపగానే నల్లటి తెరమీద డిస్కుల వరుస వచ్చింది; ఎంటర్ నొక్కితే మొదటిది చెరిగిపోతుంది.

"నిన్న చూసినప్పుడు చెరపాల్సింది మొదట ఉన్నింది గదా. నొక్కమ్మా!" అన్నాను.

"మిషను ఆపి మళ్లా ఆన్ చేస్తే వరుస మారొచ్చు పెద్దాయనా. నువ్వు కొన్న డిస్కు మీదుండే నంబరు చదువు."

ముసలితనంలో నేర్చిన అంకెలు గట్టిగా చదివాను. తెరమీద మొదటిదాని నంబరు వేరు!

"చూసినావా? చెరిపుంటే మీ అక్క పొయ్యుండేది!" అంటూ ఆ డిస్కు తెరిచి రికార్డు పెట్టింది.

"ఒరే, గొర్రెలేవిరా?" గదంతా అక్క కేక.

"తోలుకొస్తా ఉండానక్కా!" లేచి నిలబడి అరిచాను.