ఉప్పు పోసిన గుంత

చిలుకమ్మ మా మిల్లులో ఊడ్చే మనిషి. బస్తాల దగ్గర రాలిన వడ్లు ఊడ్చి, చెరిగి, కుప్ప పెట్టేది. ఎవరైనా పలకరిస్తే పలికేది, లేకపోతే లేదు. మధ్యాహ్నం కాజీపేట ప్యాసింజర్ వచ్చే వేళకు మాత్రం చీపురు ఎక్కడిదక్కడ పారేసి, అన్నం గిన్నె కొంగు చాటున పెట్టుకుని మానుకోట స్టేషనుకు పోయేది. బండి వెళ్లిపోయాక తిరిగొచ్చి ఆ అన్నం తానే తినేది.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని పోరగాళ్లు బడులు బందు పెట్టి ఊరేగింపులు తీసిన ఏడు, ఆమె ఒక్కగానొక్క కొడుకు రాజలింగం దోస్తులతో కలిసి హైదరాబాదు బండి ఎక్కాడు. దోస్తులు తిరిగొచ్చారు, అతను రాలేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్లు లేరు, ఫలానా చోట చూశామన్నవాళ్లూ లేరు. ఇరవై ఏళ్లుగా ఆమె హైదరాబాదు వైపు నుంచి వచ్చే ఆ మధ్యాహ్నం బండికి ఎదురుపోతూనే ఉంది. మిల్లులో అందరికీ అలవాటైపోయి, ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. నేను ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో అడిగితే, నేనేదో అడగరానిది అడిగినట్టు చూశారు.

మా యజమాని మహిపాల్ రెడ్డికి ఉన్న పిచ్చి ఒకటా రెండా. ఎనభై తొమ్మిదిలో కంప్యూటర్ పిచ్చి పట్టింది. కంపెనీది కొంటే అందరిలాంటివాణ్ణి అయిపోతాననుకున్నాడో ఏమో, హైదరాబాదులో విడిభాగాలు ఏరించి రెండు పెట్టెలు కట్టించాడు. ఒకటి లారీలు తూచే కాంటా గదిలో, ఇంకొకటి ఆఫీసులో నా బల్ల మీద. రెంటికీ మధ్య ఆవరణ మీదుగా నల్లటి తీగ లాగారు. కాంటా మీద లారీ ఎక్కితే ఆ బరువు అప్పటికప్పుడు నా దగ్గర కనబడాలి. కాంటా గుమాస్తాను ఆయన చచ్చినా నమ్మడు. నాకు టైపు వచ్చిన పాపానికి ఆ పెట్టె నా నెత్తిన పడింది.

కొద్దిరోజులకే బరువులు రావడం ఆగిపోయింది. పెట్టెలు కట్టిన నిరంజన్ హైదరాబాదు నుంచి దిగాడు. తీగ మార్చి చూశాడు, తీగ కొసలకు బిగించిన బిళ్లలు మార్చి చూశాడు. చివరికి రెండు పెట్టెలూ విప్పి ఇటు కార్డు అటు, అటు కార్డు ఇటు వేశాడు. జబ్బు కూడా కార్డుతో పాటే గది మారింది.

"కార్డు పోయింది మేడం" అని, తీగను పెట్టెకు కలిపే ఆ పచ్చటి పలకను ఊడదీసి కొత్తది బిగించాడు. దాని వెనక గింజంత ఎర్ర దీపం ఉంటుంది. అవతలి పెట్టె ఏదైనా పంపితే అది మిణుకుమంటుందనీ, లేకపోతే ఊరుకుంటుందనీ చెప్పాడు.

ఆ కొత్త కార్డూ పోయింది. నిరంజన్ మళ్లీ వచ్చి, ఈసారి ఒక చేత్తో తీగ కొసను, ఇంకో చేత్తో పెట్టెను ముట్టుకుని కెవ్వుమన్నాడు. నాకు నవ్వాగలేదు.

"నవ్వకుండ్రి మేడం. ఎర్త్ సక్కగ లేదు. రెండు గదులకు రెండు తీర్లున్నది. కరెంటు గీ తీగల నుంచి పోయి కార్డును కాలవెడ్తున్నది. రెంటికి కలిపి మంచి గుంత ఒకటి తవ్వాలె."

హమాలీ బిక్షం ఆఫీసు కిటికీ కింద నిలువులోతు గుంత తవ్వాడు. రాగి పలక దించి, దాని మీద గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ల ఉప్పు పోశారు. చిలుకమ్మ చీపురు పట్టుకుని అదంతా చూస్తూ నిలబడింది. వాళ్ల కులంలో మనిషిని బొందపెట్టేటప్పుడు ఉప్పు పోస్తారు.

"ఎవలిది బిక్షం గీ బొంద?" అంది.

"బొంద కాదే అవ్వ, కరెంటు గుంత. ఎవలిది గాదు."

"ఎవలిది గాకుంటె ఉప్పెందుకు పోస్తిరి?"

గుంత ఎండిపోకుండా రోజూ గొట్టంలో బిందెడు నీళ్లు పోయాలని నిరంజన్ చెప్పాడు. ఆ పని ఆమెకే అప్పజెప్పి బిక్షం చేతులు దులుపుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం ప్యాసింజర్ కూత పెట్టింది. చిలుకమ్మ స్టేషనుకు పోలేదు. బిందె చంకనెత్తుకుని నా కిటికీ కిందికి వచ్చింది. గొట్టం మీదికి వంగి, "రాజలింగం, నీళ్లు తాగు బిడ్డా" అంది.

కిటికీలోంచి తల బయటపెట్టాను. "అవ్వా, ఏందే గది?" అన్నాను.

"మీ కాడ మనిషి లేని బొంద ఉన్నది. నా కాడ బొంద లేని మనిషున్నడు. తప్పేమున్నది బిడ్డా? ఇన్నేండ్లు బండికి ఎదురువోయిన. ఇగ నాతోని గాదు. సచ్చిండనే అనుకుంట."

ఆమె ఏడవలేదు. గుంత పక్కన కూర్చుని నిమ్మళంగా అన్నం తిని, చేయి కడుక్కుని పనిలోకి పోయింది. ఆ రోజు నుంచి ఆమె నిద్రపోతోందని పక్కింటివాళ్లు చెప్పారు. అంతకుముందు నిద్రపోయేది కాదని నాకు అప్పుడే తెలిసింది.

మూడో కార్డు నిలబడింది. దీపం సంగతి నేను కొన్నాళ్లకు గమనించాను. మధ్యాహ్నం కాంటా గదికి తాళం వేస్తారు, అక్కడి పెట్టె ఆగిపోతుంది. ఆ వేళ నా దీపం ఊరుకోవాలి. కాని చిలుకమ్మ నీళ్లు పోసినప్పుడల్లా అది మిణుకుమనేది. నిరంజన్‌కు ఫోన్ చేసి అడిగాను. "నీళ్లు వడితె ఎర్త్ జర మారుతది మేడం, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. నేనూ నమ్మాను.

ఎండాకాలంలో మిల్లు బావి అడుగంటింది. ఆ రోజు ఆమె ఖాళీ చేతులతో వచ్చింది. "రాజలింగం, ఇయ్యాల నీళ్లు లేవు బిడ్డా, రేపు తెస్త" అని మాత్రమే చెప్పి వెళ్లిపోయింది. నా బల్ల మీద ఎర్ర దీపం మిణుకుమంది. ఈసారి నిరంజన్‌ను అడగలేదు. అతని దగ్గర కూడా జవాబు లేకపోతే ఆ గదిలో రేపటి నుంచి నేనెలా కూర్చోవాలి? కుర్చీని అటు తిప్పి, దీపానికి వీపు పెట్టుకున్నాను.

హమాలీల్లో గుసగుసలు మొదలయ్యాయి. మిల్లులో బొంద ఉందని, ఆఫీసు పక్క నుంచి బస్తాలు మోసేది లేదని మొండికేశారు. మహిపాల్ రెడ్డి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా మిల్లుల బొందేంది? దాన్ని పెకిలించుండ్రి. కాంటా అవతల ఇంకోటి ఏద్దాం" అన్నాడు. ముసలామెకు అదొక్కటే ఆధారం, ఉండనివ్వండి అని బతిమాలాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు.

బిక్షం గడ్డపార ముట్టనన్నాడు. అందరికీ సిగ్గు రావాలని మహిపాల్ రెడ్డి తనే పంచె ఎగ్గట్టి దిగాడు. చిలుకమ్మ అడ్డం పడుతుందనుకున్నాం. ఆమె గట్టు మీద కూర్చుని ఒక్క మాటే అడిగింది.

"అడుగుదాంక తవ్వు పటేలా. సగంల ఆపకు. ఒక్కపారి సూసుకుంట."

ఆయన తవ్వాడు. ఉప్పు కరిగిపోయింది, తడి బొగ్గు మాత్రం నల్లగా వచ్చింది. తర్వాత రాగి పలక, దాని కింద గట్టి నేల. ఇంకేముంటుంది? కాని అక్కడున్న అందరం, కిటికీలో నేను కూడా, మెడలు చాచి చూశాం. చిలుకమ్మ చాలాసేపు చూసింది. చూస్తుండగానే ఆమె ముఖం విప్పారింది. అంత సంతోషాన్ని నేను ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు. చూసి అంత భయపడిందీ లేదు.

"లేడు. సావలేదు నా కొడుకు, బతికే ఉన్నడు" అంటూ లేచింది. "అయ్యో, బండి టైమాయె. అన్నం గిన్నె ఏడవెట్టిన?"

మహిపాల్ రెడ్డి గుంతలోనే నిలబడిపోయాడు.

కాంటా అవతల కొత్త గుంత వేశారు. కార్డు బాగా పనిచేసింది, మధ్యాహ్నాలు దీపం మిణుకుమనడం ఆగింది. చిలుకమ్మ మళ్లీ బండికి ఎదురుపోవడం మొదలుపెట్టింది. తిరిగొచ్చేటప్పుడు నా కిటికీ దగ్గర ఆగి, "మిషిన్ల ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడిగేది. రాలేదవ్వా అని చెప్పేదాన్ని. అలా చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు.

ముసురు పట్టిన ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. బల్ల సర్దుకుంటూ అటు తిరిగాను. చచ్చిన పెట్టె వెనక ఎర్ర దీపం ఆగకుండా మిణుకుమంటోంది. ప్యాసింజర్ కూత వినిపించింది. వానలో తడుస్తూ స్టేషనుకు పరుగెత్తాను.

బండి వెళ్లిపోయింది. బెంచీ మీద చిలుకమ్మ గిన్నె కడిగి బోర్లించి ఉంది. చాయ్ అమ్మే మనిషిని పట్టుకుని అడిగాను.

"బండెక్కిందమ్మా. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న ఎక్కిందా? ఎవలో పిలిచినట్టు ఉరికింది."

"ఎవరు పిలిచారు?"

"నాకు కనవడలే. గిన్నెల అన్నం ఎవలు తిన్నరో గూడ సూడలే."

మహిపాల్ రెడ్డి పాపం గార్ల దాకా, ఆ పైన డోర్నకల్ దాకా మనుషులను పంపాడు. ఏ స్టేషనులోనూ ఆమె దిగడం ఎవరూ చూడలేదు.

కార్డు మార్చాలని నేను గొడవ చేశాను. నిరంజన్ పరీక్షించి, మంచిగనే ఉంది మేడం అంటూనే మార్చాడు. ఊడదీసిన కార్డును నేను అడిగి తీసుకున్నాను. కిటికీ కింద పూడ్చిన పాత గుంతలో కొంచెం మన్ను తీసి, దాన్ని పెట్టి, గుప్పెడు ఉప్పు పోసి కప్పాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు. ఇప్పుడు బొంద లేని మనిషి నాకూ ఉంది.

ఇప్పటికీ మధ్యాహ్నం బండి కూత పెడితే చెంబుతో నీళ్లు తీసుకెళ్లి అక్కడ పోస్తాను. హమాలీలు చూసీ చూడనట్టు తప్పుకుంటారు. "చిలుకవ్వా, నీళ్లు తాగు" అంటాను. అన్నాక, కిటికీలోంచి నా బల్ల వైపు మాత్రం చూడను.