తూర్పు గోడలో అద్దాల తలుపు

మా ఆయనకి పక్షవాతం వచ్చాక మంచం పక్కగదిలో వేశాం. ఆ గదికి ఒకటే చిన్న కిటికీ, అదీ పక్కింటి గోడ వైపు. జీవితమంతా మిరప చేలల్లో తిరిగిన మనిషి పొద్దస్తమానం ఫ్యాను వంక చూస్తూ పడుకునేవారు. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. కుడి చెయ్యి, కాలు మాత్రం స్వాధీనంలో లేవు.

తూర్పు గోడ తీయించి, పక్కకి జరిపే పెద్ద అద్దాల తలుపు పెట్టిస్తే రోడ్డూ, దాని అవతల కౌలుకిచ్చిన మా చేనూ కనపడతాయని నాకే తోచింది. ఆయన్ని అడగలేదు. చూసి సంతోషిస్తారనుకున్నాను. చిలకలూరిపేట నుంచి పనివాళ్లు వచ్చారు. గోడ పగలగొడుతున్నంతసేపూ ఆయన్ని హాల్లో పడుకోబెట్టాం. ఇల్లంతా దుమ్ము. సాయంత్రానికి ఫ్రేము బిగించి అద్దాలు ఎక్కించారు.

మర్నాడు పొద్దున్నే వీపు వెనక దిండ్లు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టాను. చాలాసేపు చేను వంక చూశారు. అంతలో మిరప కోతలకెళ్లే ఆటో రోడ్డు మీద ఆగింది. ఆడకూలీలంతా ఇటే చూశారు. ఒకామె దిగొచ్చి, అద్దానికి మొహం ఆనించి చూసింది.

"అయ్యో, ఎట్టాంటి మనిషి ఎట్టా అయిపోయాడమ్మా!"

తలుపు మూసే ఉన్నా మాట లోపలికి వినపడింది. ఆయన మొహం తిప్పేసుకున్నారు.

"ఏదన్నా అడ్డం కట్టు."

"ఆమె మాటలకేంలెండి. చేను కనపడతందిగా?"

"నాకు చేను కనపడుద్ది. నేను ఊరందరికీ కనపడతా. కొట్లో బొమ్మని పెట్టినట్టు పెట్టావు నన్ను."

పాత దుప్పటి కట్టాను. గది మళ్లీ చీకటైంది. ఆ చీకట్లో జావ తాగిస్తుంటే కోపం ఆపుకోలేకపోయాను.

"ఈ గదిలో మీరొక్కరే ఉంటున్నారా? నేను లేనూ? నాకూ ఊపిరాడొద్దా?"

ఆయన కంటి నీళ్లు చెవి వైపు జారాయి. నేనే తుడిచాను. అలా అనకుండా ఉండాల్సిందనిపించింది. కానీ అన్నది అబద్ధం కాదు.

మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేచాక ఆయనే అన్నారు, "నా వైపు కట్టి, నీ వైపు తీసెయ్."

ఇప్పుడు మంచం వైపు సగానికి కర్టెన్ ఉంది. రెండో సగం తలుపు జరిపి, అక్కడ కుర్చీ వేసుకుని నేను కూరలు తరుక్కుంటాను. రోడ్డు మీద ఎవరు పోతున్నారో అడుగుతారు, చెబుతాను. ట్రాక్టరైతే చప్పుడు విని ఎవరిదో ఆయనే చెబుతారు.

నిన్న, "మన చేలో ఎవరు?" అని అడిగారు.

"కౌలాయన మందు కొడతన్నాడు."

"గాలి ఎటుందో చూసుకున్నాడా?"

"కర్టెన్ తియ్యనా? మీరే చూద్దురు."

వద్దన్నట్టు తల ఊపి కళ్లు మూసుకున్నారు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. మందు వాసన లోపలికి కొడుతుంటే లేచి తలుపు జరిపి మూశాను.