అక్షరాలు పెద్దవి కాలేదు

2023లో అనంతపురంలో ఒక చిన్న గదిలో వెబ్ డిజైన్ నేర్పేవాణ్ణి. ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చే వరలక్ష్మి ఆ బ్యాచ్‌లో అందరికన్నా పెద్దది. నడుం నొప్పితో మగ్గం మానేసి, ఈ పని నేర్చుకుంటే ఇల్లు గడుస్తుందని వచ్చింది. వాళ్ల నాయన నేసిన పట్టుచీరలతో ఒక వెబ్ పేజీ తయారుచేస్తోంది.

ఒకరోజు నాయనను కంటి డాక్టరుకు చూపించి, వెంటబెట్టుకునే క్లాసుకు వచ్చింది.

"రేపట్నుంచి రాను సార్," అంది.

"ఏమైందమ్మా?"

"నాయనకు చూపు తగ్గినాదని అక్షరాలు పెద్దవి చేద్దామనుకుంటి. ఎన్ని తూర్లు రాసినా అట్లనే ఉండాయి. ఇది నాకొచ్చే పని కాదు."

వెనక కుర్చీలో కూర్చున్న నాయన ముందుకు వంగాడు. "ఏమప్పా, నా బిడ్డకు వస్తాదా రాదా? ఉన్నమాట చెప్పు."

"అన్నా, చూసి చెప్తాను," అన్నాను.

పేజీలో రంగులు, అక్షరాల సైజులు ఎలా ఉండాలో చెప్పే ఫైలు స్టైల్‌షీట్. దాన్ని సులువుగా రాయడానికి సాస్ అనే పరికరం వాడతాం. మళ్లీ మళ్లీ చేసే లెక్కను అందులో ఒక పేరుతో రాసిపెట్టుకుంటే అది ఫంక్షన్. వరలక్ష్మి తన ఫంక్షన్‌కు పెట్టిన పేరొకటి, దాన్ని వాడుకునే చోట రాసిన పేరు మరొకటి. ఒక్క అక్షరం తేడా. తెలియని పేరు కనిపిస్తే సాస్ తప్పు అనదు, పేజీని తెర మీద చూపించే బ్రౌజర్‌కు ఉన్నదున్నట్టు పంపేస్తుంది. బ్రౌజర్ ఆ లైనును వదిలేస్తుంది, అక్షరాలు మారవు. సాస్ తయారుచేసిన ఫైలు తెరిచి చూపించాను. అంకె ఉండాల్సిన చోట పేరే ఉంది.

పేరు సరిచేయగానే తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఎర్రర్ సందేశం వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంకా చెడిపాయ సార్."

"లేదమ్మా, ఇప్పుడే దారిలో పడ్డాం. ఏమంటోందో చదువు."

కూడబలుక్కుని చదివింది. రిటర్న్ లేదంటోంది. లెక్క కట్టింది గానీ జవాబు బయటికి ఇమ్మని రాయలేదు. ఆ లైను తనే చేర్చింది.

అక్షరాలు పెద్దవయ్యాయి.

"నాయనా, ఈడ చూడు. ఏమని ఉండాది?"

ఆయన కళ్లు చికిలించి నెమ్మదిగా చదివాడు. "నేసినవారు... నారాయణప్ప." తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నా పేరు ఏసినావామ్మా?"

వరలక్ష్మి తలూపింది.

ఆమె కోర్సు పూర్తిచేసింది. ఇప్పుడు చీరల దుకాణాలకు పేజీలు చేసిపెడుతోంది. కొత్తవాళ్లను తప్పు భయపెట్టదనీ, అది ఎక్కడుందో తెలియకపోవడమే భయపెడుతుందనీ నాకు ఆరోజు అర్థమైంది. అందుకే ఇప్పుడు మొదటి క్లాసులోనే అందరిచేతా కావాలని ఒక తప్పు రాయించి, వచ్చిన ఎర్రర్‌ను పైకి చదివిస్తాను.