జైనబ్ గట్టుకు వచ్చేదాకా

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, జమ్మలమడుగు పక్కన ఒక చిన్న మిషన్ బడిలో సుందరి మూడో తరగతి టీచరమ్మగా చేరింది. చేరిన వారానికే ఆమెకు ఒళ్లు మండింది. చురుకైన పిల్లలంతా ముందు వరుసలో, మిగతావాళ్లు గోడవార. గాజులమ్మే దిల్షాద్‌బీ కూతురు జైనబ్ అయితే అడిగినా నోరు విప్పేది కాదు. బడికి వచ్చిన పిల్లను గోడకు అప్పజెప్పడమేమిటి!

వరుసలు తీసేసి, పిల్లల్ని జట్లుగా గుండ్రంగా కూర్చోబెట్టింది. జట్టుకో తెలివైన పిల్లను పెద్దగా పెట్టింది. అక్కడే బోల్తా పడింది. పెద్ద చేసిన లెక్కను మిగతావాళ్లు చూసి దించేశారు. హుమాయున్ పెద్దగా ఉన్న జైనబ్ జట్టులోనైతే పలకలన్నీ ఒకే తప్పుతో వచ్చాయి. సుందరికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆమె తల్లి మార్తమ్మ కూలికి పోయి కూతుర్ని చదివించింది. సెలవుల్లో సుందరి కూడా తల్లి వెంట వేరుశనగ చేలో కలుపు తీసింది. అక్కడ తలా ఒక సాలు, అంటే ఒక మొక్కల వరుస, పట్టుకుంటారు. ముందుగా గట్టుకు చేరినామె కూర్చోదు. వెనక్కి తిరిగి, వెనకబడినామె సాలులో ఎదురుగా తీస్తూ వస్తుంది. అందరూ గట్టుకు వచ్చాకే మంచినీళ్లు.

చేలో సంగతి పిల్లలకు చెప్పి, అదే పద్ధతి బడిలో పెట్టింది. లెక్క ముందు చేసినవాళ్లు పలక బోర్లించి, వెనకబడినవాళ్ల దగ్గరికి పోవాలి. జవాబు చెప్పకూడదు, ఎక్కడ చిక్కిందో అడగాలి. ఆ పిల్లకు వచ్చేదాకా జట్టులో ఎవరూ జవాబు పైకి అనకూడదు.

"ఏందమ్మా ఈ గోల, ఇది బడా సంతా?" అన్నాడు హెడ్మాస్టరు ప్రకాశం. "ప్రొద్దుటూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. ఆయన కాదన్నాడంటే మళ్లా వరుసలే. నేనేం చేయలేను."

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. జట్లను చూసి ముఖం చిట్లించాడు. బోర్డు మీద భాగహారం రాసి, పిల్లలు పలకల మీద చేస్తుండగా, ముందు ముగించిన హుమాయున్‌ను లేపాడు. వాడు పలక బోర్లించి నిలబడ్డాడే గానీ నోరు తెరవలేదు.

"రాదా?"

"వస్తాది సార్. జైనబ్ ఇంకా గట్టుకు రాల్యా."

ఇన్‌స్పెక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ప్రకాశం చెప్పించమ్మా అని సుందరిని కళ్లతోనే బతిమాలాడు. ఆమె ఊ అంటే హుమాయున్ గడగడా చెప్పేస్తాడు. కానీ జైనబ్ మళ్లీ గోడవారకే పోతుంది. సుందరి ఊ అనలేదు.

జైనబ్ రాసింది, చెరిపింది.

"యాడ ఆగినావు?" హుమాయున్ వంగి అడిగాడు.

"ఈ మిగిలినకాడ."

"పక్కంకె దింపుకున్నావా?"

జైనబ్ నాలుక కరుచుకుంది. అంకె దింపుకుని, లెక్క ముగించి, తనే లేచి గది దద్దరిల్లేలా జవాబు చెప్పింది. ఆ పిల్లకు అంత గొంతుందని సుందరికే తెలియదు.

ఇన్‌స్పెక్టరు జైనబ్ పలక అందుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. "జట్లు ఇట్లాగే ఉండనివ్వండి" అన్నాడు ప్రకాశంతో. తర్వాత కోటు జేబులోంచి కొత్త పెన్సిలు తీశాడు.

"ఈ క్లాసులో ఫస్టు ఎవరమ్మా? బహుమానం ఇస్తాను."

సుందరికి ఒళ్లంతా గర్వం పొంగింది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఫస్టు ఎవరో నాకూ తెలియదు సార్. వెనకబడినోళ్లు మాత్రం ఒక్కరూ లేరు."